కట్టినవాడి జాతకం

ఇల్లు కొనేముందు మనవాళ్ళు భూమి చరిత్ర తవ్వినంతగా కట్టినవాడి చరిత్ర ఎన్నడూ తవ్వలేదు. అవసరమూ పడలేదు. సొంత స్థలంలో, తెలిసిన మేస్త్రీ చేత కట్టించుకున్నన్నాళ్ళూ గోడ బీటలిస్తే ఎవరి గుమ్మం తొక్కాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. అనుమానమల్లా స్థలం మీదే: అమ్మేవాడిదేనా, తాకట్టులో ఉందా, దాయాదులెవరైనా కోర్టుకెక్కారా?

వాటికి జవాబులు చాలామటుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికేవి. సర్వే నంబరు, నాలుగు హద్దులు రాసి ఈసీకి (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కి) దరఖాస్తు పెడితే గుమస్తా ఏళ్ళ తరబడి సూచిక పుస్తకాలు తిరగేసేవాడు. లావాదేవీలుంటే ఫారం 15, లేకపోతే ఫారం 16. ఆ రెండోదే జనం నోట్లో ‘నిల్ ఈసీ’. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్లకెక్కింది, రోజుల పని నిమిషాల్లోకి వచ్చింది. ఇవాళ 1983 నుంచి నమోదైనవి ఆన్‌లైన్లోనే చూసుకోవచ్చు.

ఎంత వెతికినా ఈసీ చెప్పేది నేల సంగతే. పిల్లర్లో ఎంత ఇనుము పడిందో, ఈ బిల్డరు కిందటి అపార్ట్‌మెంటును ఎన్నేళ్ళు సాగదీశాడో అందులో ఉండదు.

నగరాల్లో అపార్ట్‌మెంట్లు లేచాక చిక్కంతా అక్కడే వచ్చింది. స్థలం ఒకరిది, కట్టేది ఇంకొకరు, కొనేవాళ్ళు ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్ళు. ముంబై ఫ్లాట్ల గొడవలు చూసిన మహారాష్ట్ర 1963లోనే చట్టం చేసింది. మనకు అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇళ్ళ నిర్మాణం కూడా వినియోగదారుల చట్టం కిందికొచ్చే సేవేనంది. మంచి తీర్పే, కాకపోతే డబ్బు ఇరుక్కున్నాక పనికొచ్చేది.

బిల్డరు గతం కాగితం మీదికి ఎక్కింది 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టంతోనే. కొనుగోలుదారుల దగ్గర వసూలైన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలని, అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదని, నిర్మాణ లోపం అయిదేళ్ళలో బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలని అది చెప్పింది. వీటికే పేరొచ్చింది గానీ, అసలు కొత్తదనం నాలుగో సెక్షన్లో ఉంది. గత అయిదేళ్ళలో మొదలుపెట్టిన ప్రాజెక్టులేవి, ఎక్కడ ఆలస్యమైంది, ఏ కేసులు నడుస్తున్నాయి, ఏ చెల్లింపులు బాకీ ఉన్నాయి... బిల్డరే రాసివ్వాలి. 2017లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ నిబంధనలు తెచ్చాయి. అయినా రెరా నంబరు రాకముందే, పునాది పడకముందే ‘ప్రీలాంచ్ రేటు’ అనగానే చెక్కు రాసేవాళ్ళకు కొదవ లేదు. రేటు తక్కువెందుకో అడిగేవాళ్ళే తక్కువ.

చట్టానికో సందు కూడా ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా నమోదు అక్కర్లేదు. కాలనీ సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. అక్కడ ఇప్పటికీ పాత పద్ధతే: అదే బిల్డరు ఇంతకుముందు కట్టిన బిల్డింగుకు వెళ్ళి, బాత్రూం గోడ చెమ్మ పట్టిందా, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చేతికిచ్చాడా, ఫోన్ చేస్తే ఎత్తుతున్నాడా అని పై అంతస్తువాళ్ళనీ వాచ్‌మన్‌నీ అడిగి రావడం.