బట్టల డ్రయ్యర్ మొదలుకాకపోతే పరిశీలించాల్సినవి

నైరుతి రుతుపవనాల కాలంలో సూరత్‌లోని ఉన్ వంటి ప్రాంతాల్లో బట్టలు ఆరుబయట ఆరవు. అప్పుడు అక్కరకొచ్చే డ్రయ్యర్ స్విచ్ వేసినా కదలకపోతే, తనిఖీని తేలికైన అంశాలతో ప్రారంభించాలి.

మొదట సాకెట్‌కు విద్యుత్తు అందుతోందో లేదో మరో ఉపకరణంతో పరీక్షించాలి. ఎంసీబీ పడిపోయి ఉంటే ఒక్కసారి మాత్రమే తిరిగి వేయాలి. మళ్లీ పడితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తర్వాత చైల్డ్ లాక్ తొలగించి, తలుపు పూర్తిగా మూసుకుందో లేదో చూడాలి. తలుపు సరిగా మూసినా ఫలితం లేకపోతే డోర్ స్విచ్ చెడిపోయి ఉండవచ్చు.

ఇవన్నీ సవ్యంగా ఉంటే థర్మల్ ఫ్యూజును అనుమానించాలి. యంత్రం మితిమీరి వేడెక్కినప్పుడు ఈ ఫ్యూజు తెగిపోతుంది. అనేక మోడళ్లలో ఇది తెగితే డ్రయ్యర్ మొదలుకాదు. ప్లగ్ తీసిన తర్వాతే మెకానిక్ దీన్ని మల్టీమీటర్‌తో పరీక్షించాలి. తెగిన ఫ్యూజును మార్చాల్సిందే. దాన్ని తప్పించి తీగలను నేరుగా కలిపితే అగ్నిప్రమాదం జరగవచ్చు.

ఫ్యూజు తెగడానికి తరచూ కారణం ఫిల్టర్‌లో, గాలి గొట్టంలో పేరుకున్న బట్టల పీచు. దాన్ని తొలగించకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ తెగిపోతుంది. అందుకే వాడిన ప్రతిసారీ ఫిల్టర్‌ను శుభ్రం చేయాలి.