నీడ పడనివ్వని చేను



ఈ పూట మీకు ఒక చేని చరిత్ర చెప్పదలిచాను. ఆ చేను మన దేశంలో లేదు. దాని విస్తీర్ణం కూడా ఎక్కువేమీ కాదు. అయినా దానిమీద నీడ పడకూడదని ఒక విశ్వవిద్యాలయంవారు తమ గ్రంథాలయాన్ని భూమిలోపల కట్టించారు. అంత శ్రమ ఎందుకు పడ్డారో తెలుసుకోవడం మనకు అవసరం.

ముందుగా నాకు ఈ చరిత్రమీద శ్రద్ధ ఎట్లా కలిగిందో చెబుతాను. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. కంపోస్టు గుంత ఎంత పొడవు, ఎంత లోతు ఉండాలో మాకు నల్లబల్లమీద బొమ్మ గీసి నేర్పారు. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. కాని అదే ఆవరణలో రాలిన ఆకులను ఊడ్చి, కుప్పపోసి, సాయంత్రానికి అగ్గి పెట్టేవారు. అది తప్పని మాలో ఒక్కరికీ తోచలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో, వరి కొయ్యకాళ్ళు కాల్చవద్దని చెబుతున్నాను. అంతా విని ఒక పెద్దాయన అడిగాడు: “సారూ, మీరు చదివిన బడిలో ఆకులు, గడ్డి ఏం చేస్తరు?” నేను నీళ్ళు నమిలాను. “తెలుసుకుని చెప్తా తాతా” అన్నాను. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్ళగా దొరికినదే ఈ చరిత్ర.

అమెరికాలో 1862లో లింకన్ అధ్యక్షుడుగా ఉండగా ఒక చట్టం వచ్చింది. సేద్యమూ చేతిపనుల శాస్త్రమూ నేర్పే కళాశాలలు పెట్టడానికి రాష్ట్రాలకు భూములు ఇచ్చారు. ఆ చట్టం ఆసరాతోనే 1867లో ఇల్లినాయి రాష్ట్రంలో ఒక విద్యాలయం ఏర్పడింది. అదే నేటి ఇల్లినాయి విశ్వవిద్యాలయం. ఆ ప్రాంతపు నేలలు నల్లనివి, లోతైనవి. ఎన్ని పంటలు తీసినా ఈ సారం తరగదని అక్కడివారు నమ్మేవారు. మన డెల్టాలోనూ అట్లా అనుకున్న తాతలు లేకపోలేదు గదా!

నమ్మకం వేరు, రుజువు వేరు. ఆ రుజువు కోసం 1876లో విద్యాలయంవారు తమ ఆవరణలోనే కొన్ని మళ్ళు కట్టి పరిశోధన మొదలుపెట్టారు. మాన్లీ మైల్స్, జార్జి మారో అనే ఆచార్యులు దీనికి ఆద్యులు. మారో పేరుమీదనే వాటిని నేటికీ ‘మారో మళ్ళు’ అంటారు. ఒక మడిలో ఏటా మొక్కజొన్నే. రెండవ మడిలో ఒక ఏడు మొక్కజొన్న, మరుసటి ఏడు ఓట్సు ధాన్యం. మూడవ మడిలో ఆ రెండింటి తరువాత క్లోవర్ అనే పశుగ్రాసం. మన జనుము, పిల్లిపెసరలాగా ఇది కూడా వేళ్ళ బుడిపెలలో నత్రజనిని నిలిపే జాతి.

ఏళ్ళు గడిచేకొద్దీ తేడా కంటికి కనిపించింది. ఏటా మొక్కజొన్నే వేసిన మడిలో దిగుబడి దిగజారింది. పంట మార్చిన మళ్ళు మెరుగ్గా నిలిచాయి. తరగదనుకున్న నల్లనేల తరుగుతుందని తేలిపోయింది. 1904లో హాప్కిన్స్ అనే నేలశాస్త్రవేత్త కాలంలో ప్రతి మడిలోనూ సగభాగానికి పశువుల ఎరువు, సున్నం, భాస్వరం వేయసాగారు. ఆ సగం కోలుకున్నది. 1955 నుంచి కొన్ని భాగాలకు రసాయనిక ఎరువులు కూడా వేసి చూశారు. పడిపోయిన దిగుబడి మళ్ళీ లేచింది. అయితే నేలలోంచి పోయిన సేంద్రియ పదార్థం దిగుబడి లేచినంత త్వరగా తిరిగి రాదు. 1967లో రెండవ మడిలో ఓట్సుకు బదులు సోయాచిక్కుడు వచ్చింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. పరిశోధన 1876లో మొదలైనా, దిగుబడి లెక్కలు మాత్రం 1888 నుంచే మనకు దొరుకుతున్నాయి. మళ్ళలో పంట పండింది గాని, మొదటి పన్నెండేళ్ళ లెక్క నేడు మన చేతికి అందటం లేదు. లెక్క నిలవని సేద్యం తరువాతివారికి పాఠం కాజాలదు.

విద్యాలయం పెరిగింది, విద్యార్థులు పెరిగారు, కట్టడాలు లేచాయి. ఒకప్పుడు పది మళ్ళుండగా చివరికి మూడే మిగిలాయి. చదువు పెరిగిన చోటనే చేను తరిగిపోయింది! 1960 తరువాతి సంవత్సరాలలో విద్యార్థులకు కొత్త గ్రంథాలయం కావలసివచ్చింది. స్థలం సరిగ్గా ఈ మళ్ళ పక్కనే. కట్టడం పైకి లేస్తే మళ్ళమీద నీడ పడుతుంది. నీడ పడితే పంట తగ్గుతుంది. తగ్గినది నేలవల్లనా, నీడవల్లనా అన్నది ఎవరూ తేల్చలేరు. దాదాపు ఎనభై ఏళ్ళ లెక్క ఒక్క గోడతో చెడిపోతుంది. అందుచేత గ్రంథాలయాన్నే నేలలోపల రెండంతస్తులుగా దింపారు. 1968లో ఆ మళ్ళకు జాతీయ చారిత్రక స్థలమనే గుర్తింపు వచ్చింది. 1969లో గ్రంథాలయం తెరిచారు. 2022లో విద్యార్థుల గ్రంథాలయంగా దాని పని ముగిసింది. మళ్ళ పని మాత్రం ముగియలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచీ ఒక గోధుమ చేనుమీద లెక్క నడుస్తున్నది. మనకు దగ్గరలో కోయంబత్తూరు ఉంది. ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1945లో బాపట్ల కళాశాల రాకముందు, మన పిల్లలు సేద్యపు పట్టా కోసం అక్కడికే వెళ్ళేవారు. ఆ కళాశాల పొలంలో 1909లో శాశ్వత ఎరువుల పరిశోధన మొదలైంది. ఏమీ వేయని మడి ఒకటి, ఒకే ఎరువు వేసినది ఒకటి, పశువుల ఎరువు వేసినది ఒకటి, ఇట్లా పక్కపక్కనే ఉంచారు. 1970లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి దేశంలో 11 చోట్ల దీర్ఘకాల ఎరువుల పరిశోధనలు ప్రారంభించింది. మన జగిత్యాలలో వరి తరువాత వరి వేస్తూ 2000 ఖరీఫ్ నుంచి ఇటువంటిదే నడుస్తున్నది. ఇవన్నీ కలిసి చెప్పే మాట ఒక్కటే: నత్రజని ఒక్కటే నమ్ముకుంటే నేల మోసపోతుంది. ఆమ్లగుణమున్న నేలల్లో అయితే అట్లాంటి మళ్ళు దిగుబడిలో అట్టడుగుకు పోయాయి. సమతుల ఎరువులకు పశువుల ఎరువు తోడైన మళ్ళు నిలబడ్డాయి.

1990లో ఫ్రాన్సు దేశంలోని తల్వార్ అనే ఊళ్ళో కొందరు విశ్వవిద్యాలయాధిపతులు కూడి, పర్యావరణాన్ని కాపాడటం నేర్పడంతోపాటు తమ ఆవరణల్లో పాటించి చూపాలని ఒక ప్రకటన చేశారు. 1991లో మన సుప్రీంకోర్టు విద్యాలయాలలో పర్యావరణ పాఠం ఉండాలని చెప్పింది. మంచిదే. కాని పుస్తకంలో పాఠం ఒక ఎత్తు, ఆవరణలో ఆచరణ ఒక ఎత్తు. నేలను కాపాడమని చెప్పే విద్యాలయం తన ఎకరం ఎట్లా ఉంచుకున్నదో, తన ఆకులు ఏం చేస్తున్నదో, తన మురుగు ఎటు పంపుతున్నదో, అదే అసలైన పాఠం. పిల్లవాడు బల్లమీద రాసినది మరచిపోవచ్చు. రోజూ కంటితో చూసినది మరచిపోడు. మంటను నాలుగేళ్ళు చూసినవాడికి గుంత కొలతలు ఎన్ని చెప్పినా ఏం లాభం?

ఇక మన పని. విస్తరణ కార్యకర్తలారా, మీ కార్యాలయ ఆవరణలోని చెత్తకు ముందుగా ఒక కంపోస్టు గుంత తవ్వించండి. తరువాతే ఊళ్ళో ఉపన్యాసం. రైతు సోదరులారా, మీ పొలంలో ఒక మూలన నాలుగు సెంట్లు హద్దురాళ్ళు పాతి వేరుచేయండి. అందులో ఏటా పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేయండి. పక్కనే మరో నాలుగు సెంట్లు మీ మామూలు పద్ధతిలో ఉంచండి. రెండింటి గింజలూ వేరువేరుగా తూచి నోటుపుస్తకంలో తారీఖుతో రాయండి. మూడేళ్ళకొకసారి రెండింటి మట్టీ పరీక్షకు పంపండి. రెండేళ్ళకు తేడా కనిపించకపోతే విసుగుపడవద్దు. ఆ పుస్తకం మీ అబ్బాయి, అమ్మాయి చేతికి వచ్చేనాటికి దాని విలువ తెలుస్తుంది.

వ్యవసాయ కళాశాలకు గాని, పరిశోధన క్షేత్రానికి గాని వెళ్ళినప్పుడు, విత్తనాల సంచి తీసుకుని వెంటనే తిరుగుముఖం పట్టకండి. “మీ పాత మడి ఎక్కడుంది? చూపించండి” అని అడగండి. అడిగేవారుంటే దాన్ని కాపాడేవారూ ఉంటారు.

పోయిన ఎండాకాలం ఆ పెద్దాయన ఊరికి మళ్ళీ వెళ్ళాను. మారో మళ్ళ సంగతంతా చెప్పాను. ఓపికగా విని, “మంచిదే సారూ. మరి మీ ఆఫీసు ఎనక గుంత తవ్విన్రా?” అన్నాడు. తవ్వించాము కాబట్టి ఈసారి నీళ్ళు నమలవలసిన పని లేకపోయింది.