వీడియో గేమ్‌లో తల్లీనత: నైపుణ్యం, నియంత్రణ

వీడియో గేమ్‌లో లీనమయ్యేందుకు తెరపై దృశ్యాల నాణ్యత ఒక్కటే చాలదు. చేతిలో కంట్రోలర్ ఉన్నదన్న స్పృహ తొలగిపోవాలి. సవాలు నైపుణ్యాన్ని మించితే ఆందోళన, నైపుణ్యం కంటే తగ్గితే విసుగు కలుగుతాయని మనస్తత్వవేత్త మిహాయి చిక్‌సెంట్‌మిహాయి వివరించారు. ఆ రెండూ సమానంగా ఉండే ఏకాగ్ర స్థితిని ‘ఫ్లో’ అన్నారు.

నింటెండో 2006లో విడుదల చేసిన ‘వీ’లో రిమోట్‌ను టెన్నిస్ బ్యాట్‌లా ఊపితే తెరపైని బొమ్మ బంతిని కొట్టేది. బటన్లు అలవాటు లేనివారూ సులువుగా ఆడగలిగారు. వేళ్లకు బటన్లు అలవడిన అనుభవజ్ఞులకు మాత్రం అవే సహజమనిపించవచ్చు.

సాధారణ కంట్రోలర్‌ను పట్టుకోలేని దివ్యాంగులకు ఆటలో ప్రవేశమే కష్టం. వారికోసం మైక్రోసాఫ్ట్ 2018లో పెద్ద బటన్లతో, అదనపు స్విచ్‌లను కలుపుకొనే వీలుతో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌ను తెచ్చింది. సాధనం మనిషికి అమరినప్పుడే తల్లీనత సాధ్యం.