పాత జీపు ముందు యాక్సిల్: ఒక ఆయిల్ సీలు చరిత్ర

యంత్రాల చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలు ఆవిష్కర్త పేరు, సంవత్సరం చెప్పి ఊరుకుంటాయి. పరీక్షలో మార్కులు వాటికే వస్తాయి కాబట్టి మీరూ అవే గుర్తుపెట్టుకుంటారు. కనిపెట్టిన యంత్రం ఆ తర్వాత నలభై ఏళ్లు ఎలా నడిచింది, దాన్ని నడిచేలా ఉంచింది ఎవరు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో ఈ లోపాన్నే ఎత్తిచూపాడు. సాంకేతిక చరిత్రను వాడకం వైపు నుంచి, మరమ్మతు వైపు నుంచి కూడా రాయాలన్నది ఆయన వాదన. ఆ వాదనను ఈ పాఠంలో ఒక చిన్న వస్తువుతో పరీక్షిద్దాం. ఆ వస్తువు పాత జీపు ముందు యాక్సిల్‌లో ఉండే ఆయిల్ సీలు.

జీపు పుట్టుక మీకు కొంత తెలిసే ఉంటుంది. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలను టెండర్లు అడిగి, మొదటి నమూనాకు 49 రోజుల గడువు పెట్టింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోగా బండి అందించింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు పోయాయి. యుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

మనకు కావలసిన విషయం ముందు చక్రాల దగ్గర ఉంది. ఆ రోజుల్లో మామూలు కారులో ముందు చక్రాలు పక్కలకు తిరిగితే సరిపోయేది. జీపులో అవి తిరుగుతూనే ఇంజను బలాన్ని కూడా అందుకోవాలి. సాధారణ క్రాస్ జాయింటు వంపులో ఉన్నప్పుడు ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులోనూ వేగం హెచ్చుతగ్గులవుతుంది. అందుకని వేగం మారని ప్రత్యేక జాయింటు అవసరమైంది. దాని తయారీకి చాలా కచ్చితమైన యంత్రాలు కావాలి. ఒకే రకం జాయింటు అందరికీ సరిపడా దొరకలేదు. ఫలితంగా యుద్ధకాలపు జీపుల్లో రెజెప్పా, బెండిక్స్, ట్రాక్టా, స్పైసర్ అనే నాలుగు రకాలు కనిపిస్తాయి. యాక్సిల్ విప్పేదాకా లోపల ఏది ఉందో మెకానిక్‌కు తెలియకపోవచ్చు. బెండిక్స్ రకమైతే షాఫ్టును జాగ్రత్తగా లాగాలి, లేకపోతే గుండ్లు జారి కింద పడతాయి.

ఈ జాయింటు యాక్సిల్ గొట్టం చివర ఉండే బోలు గోళంలో కూర్చుంటుంది. దానిమీద చక్రాన్ని మోసే నకిల్ అటూ ఇటూ తిరుగుతుంది. ఇక్కడ రెండు సీళ్లు ఉంటాయి. గొట్టం లోపలి సీలు డిఫరెన్షియల్‌లోని నూనెను జాయింటు వైపు రానివ్వదు. గోళాన్ని తుడుస్తూ ఉండే బయటి సీలు గ్రీజును లోపలా, బురదను బయటా ఉంచుతుంది. ఎనిమిది బోల్టులతో బిగించే రెండు అర్ధచంద్రాకారపు రేకులు దాన్ని పట్టి ఉంచుతాయి. లోపలి సీలు పోతే పలచని నూనె గ్రీజును కరిగించి, నెమ్మదిగా బ్రేకు డ్రమ్ములోకి చేరుతుంది. బండి ఆగదు. బయటి సీలు పోతే కారే గ్రీజు కంటికి కనిపిస్తుంది కానీ లోపలికి చేరే ఇసుక కనిపించదు.

సీలు దేనితో చేశారన్నది వేరే కథ. మొదట్లో తోలు, ఉన్ని ఫెల్టు వాడేవారు. జర్మనీలోని ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ అసలు తోలు పదును చేసే కర్మాగారం. ఆర్థిక మాంద్యంలో తోలు వ్యాపారం దెబ్బతిన్నప్పుడు అది షాఫ్టు సీళ్ల వైపు మళ్లింది. తర్వాత కృత్రిమ రబ్బరు సీళ్లు వచ్చాయి. 1942లో జపాన్ మలయాను, డచ్ ఈస్టిండీస్‌ను ఆక్రమించడంతో మిత్రరాజ్యాలకు సహజ రబ్బరు చాలావరకు ఆగిపోయింది, కృత్రిమ రబ్బరు తప్పనిసరైంది. వలసరాజ్యాల రబ్బరు తోటల చరిత్ర మీరు మరో యూనిట్‌లో చదివారు. అది ఈ చిన్న రింగు దాకా వచ్చింది.

ఇక మన దేశానికి వద్దాం. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన ఉక్కు వ్యాపార సంస్థ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలోని మజగావ్‌లో బిగించింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశవిభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. మన రాష్ట్రంలో 1959 నవంబరు 1న పంచాయతీ సమితుల వ్యవస్థ అమల్లోకి వచ్చాక, పల్లెల్లో ప్రభుత్వం అంటే 'సమితి జీపు' అన్నంతగా ఆ బండి జనం నోళ్లలో నానింది.

1980ల చివర్లో శాసనాల నకళ్లు తీయడానికి ఊళ్లు తిరిగిన రోజుల్లో మా బృందానికి దొరికింది వేలంలో కొన్న అలాంటి జీపే. ఒకసారి వాగులోకి దిగుతుంటే బ్రేకు పట్టలేదు. ఎదురుగా మేకల మంద. గట్టుకు గుద్ది ఆపాం. దగ్గరి ఊళ్లో మేస్త్రీ డ్రమ్ము విప్పితే లైనింగు నూనెలో నానిపోయి ఉంది.

"కొత్త సీలు తెచ్చి వేస్తే చాలదు సార్, షాఫ్టుకు గాడి పడింది" అన్నాడు. సీలు అంచు ఏళ్లతరబడి ఒకేచోట రాసుకోవడం వల్ల ఉక్కు కూడా అరుగుతుంది. పట్నం నుంచి తెచ్చిన సీలును, అంచు నూనె వైపు ఉండేలా చూసి, పాత చోటుకు కొద్దిగా లోతుగా కొట్టాడు. అరగని ఉక్కుమీద అది కూర్చుంది. గోళంమీది తుప్పును ఎమరీ కాగితంతో రుద్దాడు. బయటి ఫెల్టు దొరకలేదు. పాత గొంగడి అంచు కత్తిరించి, నూనెలో నానబెట్టి, రేకుల కింద పెట్టి బిగించాడు. అంతకుముందే కింగ్ పిన్ బేరింగుల బిగువును నకిల్ తిప్పి చూసి, ఒక షిమ్ తీసేశాడు. ఫెల్టు ఉండగా చూస్తే దాని రాపిడి బేరింగు బిగువులా అనిపించి మోసం చేస్తుందట. కంపెనీ మాన్యువల్ కూడా ఇదే చెబుతుందని చాలా ఏళ్లకు చదివాను. ఆయన మాన్యువల్ చూసి ఉండడు.

గొంగడి ముక్క ఆ వర్షాకాలమంతా ఆగింది. దీన్ని 'జుగాడ్' అని మెచ్చుకునేవారిని చూస్తే నాకు కొంచెం చిరాకు. అది అదృష్టం కాదు, పదార్థం తెలిసిన పనితనం. తొలినాళ్ల సీలు కూడా ఉన్నిదే కదా.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ అసలు చిక్కు ఆధారాలది. ప్రభుత్వ వాహనాల లాగ్ బుక్కుల్లో తేదీ, తిరిగిన దూరం, మార్చిన సామాను రాసేవారు. బండితోపాటు వాటిలో చాలా భాగం తుక్కుకు పోయాయి. మేస్త్రీలలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది. ఈ యూనిట్ అభ్యాసం కోసం మీ దగ్గరి ఆటోనగర్‌కో, పాత షెడ్డుకో వెళ్లి అలాంటి ఒకరితో మాట్లాడండి. ఏ సీలు ఎక్కడ దొరికేది, దొరకనప్పుడు ఏం వేసేవారు, అది ఎన్నాళ్లు ఆగేది అని అడగండి. సామాను పేర్లను ఆయన పలికినట్టే రాసుకోండి, సరిదిద్దకండి.