ఊజీని వెతికే కందిరీగ ఎవరింట్లో పెరిగింది?



మన కురబలకోట, మదనపల్లి పక్క షెడ్ల కిటికీలకు నైలాన్ వల ఎందుకు కడతామో మీకు చెప్పాల్సిన పని లేదు. ఊజీ ఈగ. పట్టుపురుగు ఒంటి మీద నల్ల మచ్చ కనిపించిందంటే ఆ గూడు పోయినట్టే. కానీ ఈ ఈగ మన సీమది కాదు. 1980లో బెంగాల్ పట్టుగూళ్లతో పాటు కర్ణాటకలో దిగింది. అక్కడి నుంచి మన పక్కకు రావడానికి హద్దురాయి అడ్డమా?

మందు కొడదామంటే ముందు మన పురుగే చస్తుంది. అందుకే పట్టు పరిశోధన కేంద్రాలోళ్లు ఊజీకే శత్రువును వెతికినారు. నెసోలింక్స్ థైమస్ అనే చిన్న కందిరీగ. నేల నెర్రెల్లో, షెడ్డు మూలల్లో దాగిన ఊజీ ప్యూపాలోకి సూది దించి గుడ్లు పెడుతుంది. ఈగ రావాల్సిన చోట కందిరీగలు గుంపుగా బయటికొస్తాయి.

అయితే సంచుల్లో మనకొచ్చేవి ఊజీలో పుట్టినవి కావు. ల్యాబులో ఇంటి ఈగల ప్యూపాల మీద పెంచుతారు, అవి సులువుగా వేలల్లో దొరుకుతాయి కాబట్టి. మరి ఇంటీగ తప్ప వేరే ఎరగనిది ఊజీని వెతుక్కుంటాదా?

ఇట్లాంటి ప్రశ్ననే వేరే కందిరీగ మీద 1937లో ఇంగ్లండులో థార్ప్, జోన్స్ అనేవాళ్లు పరీక్షించినారు. అది పిండిపురుగు మీద బతికేది. మైనంపురుగు వాసన దానికి పట్టదు. దాన్ని మైనంపురుగు మీదే పెంచి చూస్తే ఆ వాసన వైపూ పోయింది. అయినా రెండూ ఎదురుగా పెడితే పిండిపురుగునే ఎక్కువ కోరింది. పెంపుడింటి అలవాటు అంటుకుంది గానీ వంశం గుణం పోలేదన్నమాట. ఇంకో ముక్క, నాకు ఇదే పెద్దదనిపిస్తాది: రెక్కలొచ్చి బయటపడినాక తొలిసారి తగిలిన వాసన కూడా దాన్ని మార్చింది.

1988లో అమెరికాలో లూయిస్, టమ్లిన్సన్ ఇంకా ముందుకు పోయినారు. కాయతొలుచు పురుగు జాతిని పట్టే కందిరీగ, ఆ పురుగు పెంటికను మీసాలతో తడిమేటప్పుడు వెనిల్లా వాసన చూపించినారు. తర్వాత అది వెనిల్లా వైపే ఎగిరింది! పురుగుకూ ఐస్‌క్రీముకూ ఏం చుట్టరికం చెప్పండి.

మన నెసోలింక్సు కూడా ఇట్లాగే నేర్చుకుంటుందనేది నా లెక్క మాత్రమే. గూళ్లు దించినాక సంచిని పెంటగుంత కాడికి మార్చమని మనకు చెప్తారు కదా. పేడదిబ్బలో ఇంటీగ ప్యూపాలూ ఉంటాయి, దానికి చిన్ననాటి ఇల్లు అదే. అందుకని నేనైతే షెడ్డులో ఊడ్చిన చెత్తను పేడలో కలపకుండా వేరే గుంతలో వేసి, సంచిని ఆ గుంత పక్కనే కడుతున్నా.