సీసా మూతలో ఉన్న చరిత్ర

పెరట్లో మొక్కల మధ్య వేలాడే గాజు సీసా సోలార్ దీపాన్ని చాలామంది ఈ మధ్య పుట్టిన సరదా అనుకుంటారు. ఖాళీ కాఫీ సీసా ఒకటి, దాని మూత మీద అగ్గిపెట్టెంత సోలార్ పలక, లోపల ఒక సెల్లు, ఒక ఎల్ఈడీ. పగలంతా ఎండలో ఉంటే చీకటి పడగానే దానంతటదే వెలుగుతుంది. చేతిపని మీద మోజు, పర్యావరణం మీద ప్రేమ కలిసి దీన్ని పుట్టించాయని, సోలార్ పలకలు చవకైపోవడం వల్లనే ఇది సాధ్యపడిందని మామూలుగా చెబుతుంటారు. ఈ వివరణ నాకు సరిపోదనిపిస్తుంది. సీసాలో దీపం పెట్టుకోవడం మన ఇళ్ళలో తరాలుగా ఉన్న అలవాటే. ఆ కథలో గాజు దాదాపు మారలేదు, మారిందంతా మూత. మూతలో బిగించే వస్తువును ఏదో ఒక పరిశ్రమ పారేసుకోగలిగేంత చవగ్గా తయారుచేసిన ప్రతిసారీ ఇంటి దీపం కొత్త రూపెత్తింది. సోలార్ రూపానికి అలా కావలసివచ్చిన వస్తువు పలక కాదు. ఒక్క సెల్లు ఇచ్చే 1.2 వోల్టులను, తెల్ల ఎల్ఈడీ అడిగే 3 వోల్టులకు పెంచే చిన్న సర్క్యూటు.

కథను కిరసనాయిలు దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే అంతకుముందు సీసా దీపానికి అవకాశమే లేదు. ఆముదం, నువ్వుల నూనె చిక్కనివి. వత్తి వెంట రెండు వేళ్ళ ఎత్తు దాటి పైకి ఎక్కవు. అందుకే వత్తి నూనె అంచునే ఆనుకుని వెలగాలి, అందుకే ప్రమిద నోరు తెరుచుకుని ఉంటుంది. కిరసనాయిలు పల్చన. జానెడు వత్తిలోనూ పైకి పాకుతుంది, మంటను నూనెకు దూరంగా నిలబెట్టవచ్చు. పైగా ఆవిరైపోయే గుణం ఉన్నది కాబట్టి మూత ఉన్న పాత్రే కావాలి. పోలండ్ ఫార్మసిస్టు ఇగ్నాసీ లుకాసియేవిచ్ తయారుచేసిన కిరసనాయిలు దీపాలు 1853లో ల్వీవ్ ఆసుపత్రిలో వెలిగాయి. 1858లో అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ మరలు తిప్పి బిగించే మూత ఉన్న గాజు సీసాకు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి సంవత్సరమే పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. పల్చటి నూనె, బిగుతైన మూత, అంతులేని సరఫరా, ఈ మూడూ ఆరేళ్ళ వ్యవధిలో ఒక్కచోటికి చేరాయి.

ఆసియాలో ఈ నూనె ఊరూరికీ చేరిన తీరులో ఒక ముఖ్యమైన సాక్ష్యం ఉంది. లండన్ వర్తకుడు మార్కస్ శామ్యూల్ 1892లో మ్యూరెక్స్ అనే ట్యాంకరు ఓడను సూయజ్ కాలువ గుండా నడిపించి రష్యా కిరసనాయిలును తూర్పు దేశాలకు పంపాడు. నూనెను డబ్బాల్లో కాకుండా ఓడ కడుపులోనే నింపి తేవడంతో ఖర్చు బాగా తగ్గింది, అమెరికా స్టాండర్డ్ ఆయిల్ డబ్బా నూనె కంటే చవగ్గా అమ్మవచ్చని లెక్క వేసుకున్నారు. తీరా రేవుల్లో గిరాకీ అనుకున్నంత రాలేదు. కొనేవాళ్ళు తమ గిన్నెలు తెచ్చుకుని నూనె పోయించుకుంటారన్న ఊహ తప్పింది. జనానికి నూనెతో పాటు డబ్బా కూడా కావాలి. ఖాళీ అయ్యాక ఆ రేకు ఇంటి కప్పు నుంచి వంటింటి సామాను దాకా ఎన్నో అవసరాలకు పనికొచ్చేది. శామ్యూల్ హడావిడిగా రేకు తెప్పించి, రేవుల దగ్గరే ఎర్రటి డబ్బాలు చేయించి నింపాల్సివచ్చింది. సరుకు విడిచిపెట్టే పాత్రకు సరుకంత విలువ ఉండేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. కిరసనాయిలు బుడ్డి కూడా ఆ ఆర్థికం నుంచే పుట్టింది. సిరా సీసానో మందు సీసానో తీసుకుని, మూతకు మేకుతో బెజ్జం పెట్టి, అందులో రేకు చుట్టిన సన్నటి గొట్టం దూర్చి, పాత పంచె చించిన పేలికను వత్తిగా ఎక్కిస్తే దీపం తయారు. కొనాల్సింది నూనె ఒక్కటే. చిమ్నీ ఉన్న లాంతరు కొనలేని ఇళ్ళలో పిల్లలు చదువుకున్నది, ఆడవాళ్ళు వంట చేసుకున్నది ఈ గుడ్డి వెలుతురులోనే.

బుడ్డి కీడును తక్కువ చేసి చూడకూడదు. మసి, పొగ, కళ్ళ మంట అలా ఉంచితే, అసలు ప్రమాదం దొర్లడంలో ఉంది. తేలికపాటి పొడుగు సీసా, వదులుగా పెట్టిన మూత, దానికి మండుతున్న వత్తి. చేయి తగిలితే పడుతుంది, పడితే మూత ఊడుతుంది, ఒలికిన నూనె అంటుకుంటుంది. శ్రీలంకలో కాలిన గాయాలకు చికిత్స చేస్తూ వచ్చిన శస్త్రవైద్యుడు విజయ గొడకుంబుర దీన్ని దగ్గర నుంచి చూశాడు. అక్కడ కాలిపోయిన కరెంటు బల్బు గాజును కూడా దీపంగా వాడేవాళ్ళు. ఆయన 1992లో సుదీప పేరుతో ఒక దీపం రూపొందించాడు. పొట్టిగా, బరువుగా ఉంటుంది. రెండు పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి పడ్డా దొర్లదు. మూత మరలతో బిగుసుకుంటుంది కాబట్టి నూనె ఒలకదు. మార్మైట్ అనే తినుబండారం సీసా ఆకారమే ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది. 1998లో ఈ కృషికి రోలెక్స్ పురస్కారం వచ్చింది. కొత్త ఇంధనం తేకుండా, ఖరీదైన యంత్రం పెట్టకుండా, సీసా అడుగును, మూతను సరిచేసి ప్రాణాలు కాపాడిన ఈ పనిని దీపాల చరిత్రలో చాలా ఎత్తున నిలబెట్టాలని నా నమ్మకం. ఎందుకంటే బుడ్డి అప్పటికి పాతకాలపు ముచ్చట కాదు. మన దేశ జనాభా లెక్కల్లో 2001 నాటికి 43 శాతం ఇళ్ళకు ముఖ్యమైన వెలుతురు కిరసనాయిలే, 2011లో కూడా 31 శాతం ఇళ్ళది అదే పరిస్థితి.

ఇక సోలార్ పలక సంగతి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ చేసిన సిలికాన్ సెల్లును 1954 ఏప్రిల్ 25న లోకానికి చూపించారు. ఎండలో 6 శాతాన్ని అది కరెంటుగా మార్చింది. నాలుగేళ్ళకు వాన్‌గార్డ్ ఉపగ్రహం మీద అలాంటి సెల్లులు అంతరిక్షానికి వెళ్ళాయి. 1970ల చివరికి చేతి క్యాలిక్యులేటర్ల మీదికి వచ్చాయి. అంటే చిన్న సోలార్ ముక్క సామాన్యుడి జేబులోకి చేరిన తర్వాత కూడా ఇరవై ఏళ్ళ పాటు సీసా దీపం రాలేదు. పలక ధరే అడ్డయితే ఈ జాప్యం అర్థం కాదు. జవాబు లెక్కలో ఉంది. తోట దీపాల్లో వాడే చిన్న రీఛార్జ్ సెల్లు 600 మిల్లీ ఆంపియర్ అవర్లది అనుకుందాం. 1.2 వోల్టులతో గుణిస్తే నిండా ఛార్జి అయినప్పుడు దానిలో ఉన్నది 0.72 వాట్ అవర్లు. పాత టార్చిలైటు బల్బు 2.5 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు తాగుతుంది, అంటే 0.75 వాట్లు. ఒక రోజంతా కాసిన ఎండను అది గంట తిరక్కుండానే మింగేస్తుంది. తెల్ల ఎల్ఈడీ 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర 0.06 వాట్లతో వెలుగుతుంది. సర్క్యూటులో కొంత పోయినా అదే సెల్లు మీద ఎనిమిది గంటలు నడుస్తుంది. సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా.

ఎర్ర ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేశాడు. కానీ ఆ మసక ఎరుపు వెలుతురులో పుస్తకం చదవడం కష్టం, ముంగిట్లో మెట్లు చూడడమూ కష్టమే. జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ సాధించాక, దాని మీద పసుప్పచ్చ ఫాస్ఫర్ పూత వేసి అదే కంపెనీ 1996లో తెల్ల ఎల్ఈడీ తెచ్చింది. నీలి ఎల్ఈడీకే నకమురా, ఇసాము అకసాకి, హిరోషి అమానో 2014లో నోబెల్ పంచుకున్నారు. అయినా సీసా దీపానికి మరో అడ్డంకి మిగిలింది. నీలి వెలుతురుకు శక్తి ఎక్కువ కావాలి కాబట్టి తెల్ల ఎల్ఈడీ 3 వోల్టులకు పైన తప్ప సరిగా వెలగదు. నికెల్ సెల్లు ఒక్కటి ఇచ్చేది 1.2. మూడు సెల్లులు వరసగా పెడితే వోల్టేజి వస్తుంది గానీ, వాటిని ఛార్జి చేయాలంటే పలకలోనూ ఎక్కువ ముక్కలు కావాలి. ఒక్కో సిలికాన్ ముక్క అర వోల్టుకు అటూ ఇటూ ఇస్తుంది. ఒక సెల్లుకు నాలుగు ముక్కలు చాలు, మూడు సెల్లులకు పది దాటాలి. అప్పుడు పలక సీసా మూత మీద ఇమడదు.

ఈ చిక్కుముడి విప్పిన పద్ధతి ఇంట్లో పనిచేసుకునే ఔత్సాహికుల లోకంలో వ్యాపించడం నాకు ఎంతో నచ్చే విషయం. 1999 నవంబరులో ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్ అనే బ్రిటిష్ పత్రిక, పాఠకులు పంపే సర్క్యూట్ల శీర్షికలో, జెడ్. కపార్నిక్ పేరుతో ఒక చిన్న బొమ్మ అచ్చువేసింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, ఫెర్రైట్ రింగు మీద రెండు తీగల చుట్లు. తీగలో పెరుగుతున్న కరెంటును ట్రాన్సిస్టరు ఉన్నట్టుండి ఆపుతుంది. ఆ కుదుపుకు తీగచుట్ట తనలో దాచుకున్న శక్తిని ఎక్కువ వోల్టేజితో వదులుతుంది, అది ఎల్ఈడీ గుండా పోతుంది. ఇది సెకనుకు వేల సార్లు జరగడం వల్ల కంటికి ఎడతెగని వెలుగే కనిపిస్తుంది. గోడ గడియారం కూడా వద్దన్న సెల్లుతో ఎల్ఈడీ వెలిగింది. కొన్నేళ్ళకు స్కాట్లాండ్‌కు చెందిన క్లైవ్ మిచెల్ దీనికి జౌల్ థీఫ్ అని పేరు పెట్టాడు. ఇందులోని మూల సూత్రం చాలా పాతదే, కపార్నిక్ కనిపెట్టింది కాదు. కొత్తదనం అంతా దాన్ని తెల్ల ఎల్ఈడీకి జతచేసి, ఎవరైనా అరగంటలో చుట్టుకోగలిగేంత చిన్నది చేయడంలో ఉంది. ఫెర్రైట్ రింగు కొనక్కరలేదు కూడా. మాడిపోయిన సీఎఫ్ఎల్ బల్బు అడుగు విప్పితే దొరుకుతుంది. బుడ్డికి సిరా సీసా ఎలా దొరికిందో దీనికి బల్బు అలా దొరికింది.

ఆ తర్వాత ఫ్యాక్టరీలు అందుకున్నాయి. చైనాలో తయారయ్యే తోట దీపాల మూత విప్పితే గోరంత పచ్చ బోర్డు మీద నాలుగు కాళ్ళ నల్ల ముక్క ఒకటి కనిపిస్తుంది. చాలా వాటి మీద వైఎక్స్ 8018 లాంటి నంబరు ఉంటుంది. దాని పక్కన రెసిస్టరులా కనిపించే చిన్న కాయిల్ ఉంటుంది. వోల్టేజి పెంచడం, ఎండ ఉన్నంతసేపు సెల్లును ఛార్జి చేయడం, పలక నుంచి వోల్టేజి పడిపోగానే చీకటి పడిందని గుర్తించి దీపం వెలిగించడం, అన్నీ ఆ ఒక్క ముక్క పనే. సోలార్ పలకే చీకటిని కనిపెట్టే కన్ను అయిపోయింది. 2000ల దశకం మధ్యలో కెనడా డిజైనర్ టొబియాస్ వాంగ్, సక్ యూకే అనే బ్రిటిష్ కంపెనీ కోసం సన్ జార్ రూపొందించాడు. మంచు పట్టినట్టుండే గాజు సీసా, మూత కింద పలక, సెల్లు, ఎల్ఈడీలు. దాని ధర భరించలేనివాళ్ళు, చేతిపని ఇష్టపడేవాళ్ళు చవక తోట దీపం ఒకటి కొని, దాని కాడ తీసి పక్కనపెట్టి, తలభాగాన్ని ఖాళీ సీసా మూతలో అతికించడం మొదలుపెట్టారు. నేటికీ ఎక్కువమంది చేసే పద్ధతి ఇదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. అమెరికా మార్కెట్లో 1980లలోనే సోలార్ తోట దీపాలున్నాయి కదా, అలాంటప్పుడు ఎల్ఈడీకీ సర్క్యూటుకీ ఇంత గొప్ప ఎందుకివ్వాలి? ఉన్నమాట నిజమే. కానీ అవి కొనుక్కునే దీపాలు, ఇంట్లో చేసుకునేవి కావు. బల్బును పోషించాలంటే పలక పెద్దది కావాలి, సెల్లులు ఎక్కువ కావాలి. అంత సామగ్రి మూతలో పట్టదు. నా వాదన సోలార్ తోట దీపం ఎప్పుడు పుట్టిందన్న దాని గురించి కాదు, అది ఇంటి మనిషి చేతికి ఎప్పుడు లొంగిందన్న దాని గురించి. పలక ధర తగ్గడం తోడ్పడిందని ఒప్పుకుంటాను. అదొక్కటే సరిపోదని మాత్రం పైన వేసిన లెక్క చెబుతోంది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. బ్రెజిల్‌లోని ఉబెరాబాలో ఆల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు, రెండు మూతల బ్లీచ్ పోసి రేకు కప్పులో బిగించాడు. పలకా లేదు, సెల్లూ లేదు, సర్క్యూటూ లేదు. పగటి వెలుగు నీళ్ళలో విరిగి చీకటి గదంతా పరుచుకుంది. ఫిలిప్పీన్స్‌లో ఇల్లాక్ డియాజ్ నడిపే మైషెల్టర్ ఫౌండేషన్ 2011లో దీన్నే ఇసాంగ్ లిత్రోంగ్ లివానాగ్ పేరుతో వేల ఇళ్ళకు చేర్చింది. సీసా దీపానికి ఎలక్ట్రానిక్స్ అక్కరలేదనడానికి ఇది రుజువు కాదా? పగటికి అవును. రాత్రికి ఆ సీసా వెలగదు. కొద్దికాలానికే అదే ఉద్యమం సీసాకు చిన్న పలక, సెల్లు, ఎల్ఈడీలు జోడించి రాత్రి దీపం చేయడం, ఆ బోర్డులను స్థానికుల చేతనే అతికించడం మొదలుపెట్టింది. పగటి సీసా తన హద్దు చేరగానే మళ్ళీ మూత దగ్గరికే రావాల్సివచ్చింది.

మరొకటి ఉంది, దీన్ని తేలిగ్గా తీసేయలేను. బుడ్డి పేదవాడి అవసరం, పెరటి సీసా ఉన్నవాళ్ళ అలంకారం, రెండింటినీ ఒకే వంశంలో కలపడం అన్యాయం అనవచ్చు. వాడే మనుషులు వేరన్నది పూర్తిగా నిజం. గదిలో ఒక కుటుంబం బతుక్కి ఆధారమైన వెలుగుకూ, మల్లెతీగ కింద అందం కోసం పెట్టిన వెలుగుకూ పోలిక లేదు. కానీ వస్తువు చరిత్రను వాడేవాడి స్థితి ఒక్కటే నిర్ణయించదు. తోటల గిరాకీ వల్లే ఆ నాలుగు కాళ్ళ చిప్పు కోట్లలో తయారై చవకైంది. దీపం తల కొని సీసాలో పెట్టడం ఇంట్లో చేయడం ఎలా అవుతుందనే ప్రశ్నకు జవాబు బుడ్డిలోనే ఉంది. బుడ్డి చేసినవాడు గాజు ఊదలేదు, నూనె వడగట్టలేదు. వాడు మూతకు బెజ్జం పెట్టి గొట్టం దూర్చాడు. దీపం తనది అవడానికి ఆ కాలంలో ఆ పని సరిపోయింది.

సీసా చేసే మేలు ఒకటి తోట దీపాల ప్రచారంలో వినిపించదు. అది విప్పడానికి వీలైనది. ఈ దీపాల్లో ముందుగా చచ్చేది సెల్లు, ఒకటి రెండేళ్ళలో. కాడ మీద నిలబెట్టే చవక దీపంలో జిగురుతో మూసిన అరను విప్పాలంటే ప్లాస్టిక్ విరుగుతుంది, జనం మొత్తాన్ని చెత్తలో వేస్తారు. హార్లిక్స్ సీసా మూతలో చేసినదానికి మూత తిప్పి కొత్త సెల్లు వేస్తే చాలు. ఇప్పుడు 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు చిన్న సైజుల్లోనూ దొరుకుతున్నాయి. తెల్ల ఎల్ఈడీ అడిగే వోల్టేజి అదే కాబట్టి, వాటితో నడిచే కొత్త దీపాల్లో వోల్టేజి పెంచే కాయిల్ అవసరమే ఉండదు. ఇరవై ఏళ్ళ పాటు ఈ దీపాన్ని నిలబెట్టిన సర్క్యూటు మూతలోంచి మెల్లగా తప్పుకుంటోంది. దాని చోట వచ్చిన సెల్లుకు ఛార్జి మితిమీరకుండా, పూర్తిగా ఎండిపోకుండా కాపలా కాసే మరో చిన్న బోర్డు కావాలి. సీసా దీపం చేసుకునేవాళ్ళు ఇప్పుడు వెతుక్కుంటున్నది ఆ బోర్డునే.