రంగం దారికి గేటు పెట్టిందెవరు?

మా వైపు పల్లెల్లో పెద్దవాళ్లు రంగూను అనరు, రంగం అంటారు. "ఆడు రంగమెల్లిపోనాడు" అనే మాటకి మా వూళ్లో రెండర్థాలుండేవి. కూలికి ఓడెక్కాడని ఒకటి, ఇక రాడేమోనని రెండోది. విశాఖపట్నం చరిత్ర పేరుతో మాకు బళ్లో, కాలేజీలో చెప్పినదాంట్లో 1933లో రేవు తెరిచిన సంగతి వుంది, వైస్రాయి విల్లింగ్డన్ వచ్చిన సంగతి వుంది, ఉక్కు ఉద్యమం వుంది. రంగం మాత్రం లేదు. అది మేము ముసలాళ్ల నోట విన్నదే, ఆ తర్వాతే కాగితాల్లో వెతుక్కున్నాం.

సముద్రం దాటితే కులం పోతుందని అగ్రకులాలు భయపడుతున్న కాలంలోనే మాలలు, రెల్లివాళ్లు, జాలర్లు, భూమిలేని శూద్ర కూలీలు విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో ఓడల డెక్కుల మీద కిక్కిరిసి పోయారు. పోగొట్టుకోడానికి మనకేం కులం వుందని! అయితే అక్కడికీ కులం మనకంటే ముందే చేరింది. రంగూను రేవులో బస్తాలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ, రిక్షా లాగిందీ, మునిసిపాలిటీ పాయిఖానాలు ఎత్తిందీ తెలుగు కూలీలే. మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకుపోయేవాడు, ఆ బాకీ తీరేదాకా మనిషి అతని చేతిలోనే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షల పైచిలుకు భారతీయులుంటే అందులో లక్షన్నరకు పైగా తెలుగువాళ్లు. కోరంగి రేవు పేరు మీద బర్మా జనం మనల్ని కొరంగీలన్నారు. అది పేరుగా మొదలై తిట్టుగా మారింది.

ఇక్కడ చట్టం సంగతి చూడాలి. 1922 వలస చట్టం సిలోనుకీ మలయాకీ వెళ్లే కూలీల విషయంలో కొన్ని కట్టుబాట్లు పెట్టింది. బర్మా అప్పటికి ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి రంగం పోయేవాడు వలసపోయేవాడే కాదు. పాస్‌పోర్టు అడిగే నాథుడు లేడు, రక్షణ ఇచ్చే నాథుడూ లేడు. 1920ల చివర్లో ఏడాదికి మూడు లక్షల మందికి పైగా ఇండియా నుంచి అలా దిగారు. అంత చవకైన కూలీ కంపెనీలకు కావాలి, సర్కారుకీ కావాలి.

1930 మేలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీల్ని పనిలోకి దించాయి. తీరా సమ్మె రాజీ అయ్యాక, మే 26న, పనికి వచ్చిన ఆ బర్మా కూలీల్ని పొమ్మన్నాయి. ఆ రోజు మొదలైన దాడుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. బర్మా కూలీ ఆకలి కూడా ఆకలే, ఆ మాట మేము దాచం. ఇద్దరు పేదల్ని ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొలిపిన వాళ్లకు మాత్రం దెబ్బ తగల్లేదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. తాతలు దాటిన అదే నీళ్ల మీద సరిహద్దు పడింది. 1938లో మళ్లీ అల్లర్లు. ఆ విచారణ తర్వాత వలసల మీద జేమ్స్ బాక్స్టర్ అనే అధికారిని నియమించారు. భారతీయ కూలీ బర్మావాడి పని లాక్కోలేదు, చాలావరకు బర్మావాడు లేని చోట చేరాడని ఆయన రాశాడు. అయినా 1941 జూన్‌లో భారత ప్రభుత్వం తరపున గిరిజా శంకర్ బాజ్‌పాయ్ రంగూనులో చేసుకొచ్చిన ఒప్పందం ఆ రిపోర్టును పక్కన పెట్టినట్టే వుంది. డబ్బున్నవాడికి 'ఎ' పర్మిట్, కూలికి వచ్చేవాడికి గడువున్న 'బి' పర్మిట్, రెంటికీ ఫీజులు. నైపుణ్యం లేని కూలీని జూలై నుంచే ఆపేశారు. గాంధీ సహా నాయకులు దీన్ని ఖండించారు. రంగం పోయే కూలీని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆరు నెలలు తిరగలేదు. డిసెంబర్ 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు ప్రోము రోడ్డు పట్టి ఇంటిదారి నడిచారు. అప్పుడు సర్కారేం చేసింది? రేవులో సరుకు దించేవాడు లేడని ఐరావతి నది దాటనివ్వకుండా చాలామందిని వెనక్కి తిప్పింది. జూలైలో రావొద్దన్న కూలీని డిసెంబర్‌లో పోవొద్దంది. మా పరిశోధనలో మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఈ ఒక్క విషయమే. పరాయివాడా కాడా అన్నది మనిషిని బట్టి కాక, ఆ వారం సర్కారుకి వాడి భుజం అవసరమా లేదా అన్నదాన్ని బట్టి తేలింది.

వెనక్కి వెళ్లినవాళ్లు 1942 మొదట్లో మళ్లీ బయల్దేరారు. ఒక దారి టౌంగప్ కనుమ మీదుగా అరకాను, చిట్టగాంగు. ఇంకోటి టాము మీదుగా మణిపూరు. కలరా, మలేరియా, ఆకలి. నాలుగు లక్షలకు పైగా జనం ఇండియా చేరారు. దారిలో రాలిపోయినవాళ్లు పదివేలనీ, యాభైవేలనీ, ఇంకా ఎక్కువనీ అంచనాలు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి పెట్టారన్న ఆరోపణని ప్రభుత్వం కాదంది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. పట్నం ఖాళీ అవుతున్న రోజుల్లోనే రంగం జనం ఇళ్లు చేరుతున్నారు.

యుద్ధం అయ్యాక తిరిగి పోబోతే 1947లో బర్మా కొత్త వలస చట్టం పర్మిట్ అడిగింది. పదేళ్లు అక్కడ చెమటోడ్చినవాడు కూడా కాగితం లేకపోతే దొంగచాటుగా చొరబడ్డవాడే. 1962లో నె విన్ గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు జాతీయం చేసి పెద్ద నోట్లు రద్దు చేశాక లక్షల మంది వెళ్లిపోవాల్సి వచ్చింది. ఓడలు విశాఖలో దింపినవాళ్లు కొందరు కంచరపాలెం వైపు స్థిరపడ్డారు. బర్మా క్యాంపు అన్న పేరు ఆ చోటికి ఇప్పటికీ వుంది. అక్కడ బస్సు దిగే కుర్రాళ్లలో ఆ పేరెందుకొచ్చిందో చెప్పగలవాళ్లు మాకు తక్కువే తగిలారు.

2024 మేలో విశాఖ పోలీసులు కాంబోడియా ముఠాల గుట్టు బయటపెట్టారు. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు టూరిస్టు వీసాల మీద పంపిన మన కుర్రాళ్ల చేత అక్కడ సైబర్ మోసాలు చేయించారు. మేస్త్రీ బయానా బదులు ఏజెంటు ఫీజు వచ్చింది, అంతే తేడా. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాసవనివాడు గల్ఫు లాంటి దేశాలకు కూలికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మంచికే పెట్టామంటారు. ఆ ముద్ర ఎవరి పాస్‌పోర్టుల మీద వుంటుందో, పదో తరగతి ఎవరికి దక్కకుండా పోయిందో చెప్పనక్కర్లేదు. పదో తరగతి దాటి మోసపోయిన కుర్రాణ్ణి టూరిస్టు వీసా మీద విమానం ఎక్కిస్తుంటే మాత్రం ఆ చట్టం అడ్డుపడలేదు.

ఇటు మన గేటు దగ్గర ఏం జరుగుతోంది? 2025లో కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. సరైన కాగితం లేకుండా దేశంలో అడుగుపెట్టిన విదేశీయుడికి ఐదేళ్ల దాకా జైలు. అదే బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొచ్చిన రోహింగ్యాలు హైదరాబాదు బాలాపూర్‌లో గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. వాళ్లని చొరబాటుదారులని తిట్టే మాట మన వాడల్లో కూడా వినపడుతోంది. టాము దారిన నడిచొచ్చిన మన తాతల దగ్గర ఏ కాగితం వుందని?

1964లో పదేళ్ల పిల్లలుగా విశాఖ రేవులో దిగినవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటాయి. విద్యార్థి మిత్రులెవరైనా ఈ సెలవుల్లో బర్మా క్యాంపుకెళ్లి కూర్చుని రాసుకు రాగలిగితే, ఈ పత్రికలో చోటుంది.